ప్లాంటు మొత్తానికి ఒకే టైము

ధాన్యం లారీ 10:42కి కాటా ఎక్కిందని చీటీ చెబుతుంది. గేటు కంప్యూటర్లో అదే లారీ లోపలికొచ్చిన టైము 10:47. అంటే గేటు దాటకముందే తూకం అయిపోయిందన్నమాట. సరే, కెమెరా చూద్దామని రికార్డింగులో 10:42కి వెళ్తే కాటా ప్లాట్‌ఫాం ఖాళీగా ఉంటుంది. లారీ కనపడేది మధ్యాహ్నం 1:14 దగ్గర. మూడు మిషన్లూ బాగానే పనిచేస్తున్నాయి, కెమెరాలో బొమ్మ స్పష్టంగానే ఉంది, కాటాకి ముద్ర కూడా వేయించి ఉంది. అయినా తూకం మీద రైతుకీ మిల్లుకీ మాటొచ్చిన రోజున ఆ మూడిట్లో ఏదీ ఇంకోదానికి సాక్ష్యం చెప్పదు.

గోదావరి డెల్టాలో ఈ చిక్కు లేని చోటు తక్కువ. తణుకు, రావులపాలెం వైపు రైసు మిల్లులు, భీమవరం చుట్టూ రొయ్యల ప్లాంట్లు, ఐసు ఫ్యాక్టరీలు, అమలాపురం, పాలకొల్లుల్లో నర్సింగ్ హోములు. ఏది చూసినా ఒకే నెట్‌వర్కు మీద ఇరవై నుంచి నలభై దాకా టైము రాసే పరికరాలుంటాయి: బిల్లింగు కంప్యూటర్లు, ఎన్‌వీఆర్ (కెమెరాల రికార్డింగు దాచే పెట్టె), కెమెరాలు, వేలిముద్ర మిషను, కోల్డ్ రూములో ఉష్ణోగ్రత రాసే లాగరు, రౌటరు. దేని గడియారం దానిదే.

ఈ నలభై పరికరాలూ ఎవరి మానాన అవి ఇంటర్నెట్టులో టైము వెతుక్కోవడం సరైన పద్ధతి కాదు. ప్లాంటు లోపలే ఒక టైము సర్వరు ఉండాలి. బయట నుంచి టైము తెచ్చుకునేది అదొక్కటే కావాలి, మిగతావన్నీ దాన్నే అడగాలి. మనకి ఇక్కడ మైక్రోసెకన్లతో పని లేదు. నెట్ ఉన్నా పోయినా, కరెంటు పోయి వచ్చినా, అన్నీ ఒకే టైము చెప్పాలి. ఒక్కోటి విడిగా బయటికి వెళ్తే అది జరగదు.

తేడా ఎంతో రాసుకుంటే కారణం సగం దొరుకుతుంది

దేన్నీ ముట్టుకోకముందు ఒక కాగితం తీసుకుని ప్రతి పరికరం టైమూ, అదే క్షణాన ఫోనులో ఉన్న టైమూ పక్కపక్కన రాసుకోండి. తప్పు సైజే దాని కారణం చెబుతుంది.

సరిగ్గా 2 గంటల 30 నిమిషాలు ముందుంటే అది చైనా టైము. చాలా ఎన్‌వీఆర్‌లు, ఐపీ కెమెరాలు జీఎంటీ+8 టైము జోనుతో (గ్రీనిచ్ టైముకి 8 గంటలు ముందు; మనది +5:30) డబ్బాలోంచి బయటికొస్తాయి. బిగించినవాళ్ళు గంట, నిమిషం చేత్తో సరిచేసి జోను అలాగే వదిలేస్తారు. కొన్నాళ్ళు ఏ తేడా కనిపించదు. తర్వాత ఎవరో ఎన్‌టీపీ (నెట్‌వర్కు మీద సర్వరుని టైము అడిగే పద్ధతి) ఆన్ చేస్తారు. ఎన్‌టీపీలో వచ్చేది ఎప్పుడూ యూటీసీయే, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన మూల టైము. దానికి జోను కలుపుకోవడం పరికరం పని. అది +8 కలుపుకుని ఒక్కసారిగా రెండున్నర గంటలు ముందుకు దూకుతుంది. ‘ఎన్‌టీపీ పెడితే టైము చెడిపోతోంది’ అని దాన్ని ఆపేసి మళ్ళీ చేత్తో తిప్పడం అక్కడే మొదలవుతుంది. చెడింది ఎన్‌టీపీ కాదు, జోను. అందుకే ముందు జోను, ఆ తర్వాతే సర్వరు అడ్రసు. ఈ వరస తప్పొద్దు.

5 గంటల 30 నిమిషాలు వెనకుంటే జోను అసలు పెట్టలేదు, నేరుగా యూటీసీ చూపిస్తోంది. ఒకే కంప్యూటర్లో విండోసూ లినక్సూ రెండూ ఉన్నా ఇదే తేడా వస్తుంది. లోపలి గడియారంలో లినక్సు యూటీసీ రాస్తుంది, విండోసు దాన్ని స్థానిక టైము అనుకుని చదువుతుంది. సరిగ్గా అరగంట తేడా అయితే జోను జాబితాలో ‘చెన్నై, కోల్‌కతా, ముంబయి, న్యూఢిల్లీ’ వరస బదులు పైదో కిందదో ఎంచుకున్నారు. +5 పడితే అరగంట వెనక, +6 పడితే అరగంట ముందు. సరిగ్గా గంట తేడా అయితే డేలైట్ సేవింగ్ టిక్కు తీసేయండి, మన దేశంలో దానితో పనే లేదు.

తేదీ 1 జనవరి 1970, ఉదయం 5:30 దగ్గర మొదలైతే ఆ పరికరానికి తన టైము గుర్తుపెట్టుకునే బ్యాటరీ లేదు, లేదా చచ్చిపోయింది. కొన్ని మిషన్లు అదే పరిస్థితిలో 1 జనవరి 2000కి వెళ్తాయి. ఇవి కాక, కొన్ని నిమిషాల తేడా ఉండి అది వారం వారం పెరుగుతుంటే మాత్రం అసలైన జబ్బు అదే: గడియారం తనంతట తాను నడుస్తోంది, సరిదిద్దేవాళ్ళు లేరు.

స్ఫటికం, సెల్లు, రేకుల షెడ్డు

మదర్‌బోర్డు మీద టైము నిలబెట్టేది సెకనుకి 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికం. ఆ అంకె రెండుని పదిహేనుసార్లు హెచ్చిస్తే వచ్చేది, అందుకే సగాలు చేసుకుంటూ పోతే సరిగ్గా ఒక సెకను దొరుకుతుంది. మామూలు స్ఫటికం తేడా 20 పీపీఎం, అంటే పది లక్షల్లో 20 పాళ్ళు. రోజుకి 86,400 సెకన్లు కాబట్టి అది రోజుకి 1.7 సెకన్లు, నెలకి 50 సెకన్లకి పైమాట. వేడి దీనికి తోడవుతుంది. ఈ రకం స్ఫటికం 25 డిగ్రీల దగ్గర సరిగా నడిచి, అక్కడి నుంచి ఎటు జరిగినా నెమ్మదిస్తుంది. ఆ నెమ్మది డిగ్రీల తేడా వర్గాన్నిబట్టి పెరుగుతుంది, డిగ్రీ వర్గానికి సుమారు 0.034 పీపీఎం. కాటా గదికి రేకుల కప్పు ఉండి, మే నెలలో క్యాబినెట్ లోపల 45 డిగ్రీలు ఉంటే 20 డిగ్రీల తేడా. 20 వర్గం 400, దాన్ని 0.034తో హెచ్చిస్తే 13.6 పీపీఎం. రోజుకి ఇంకో 1.2 సెకన్లు వెనక్కి. ఏసీ ఆఫీసులో కంప్యూటరూ, కాటా గది కంప్యూటరూ ఒకే మోడలయినా వేసవిలో విడిపోయేది ఇందుకే.

అయితే కంప్యూటరు నడుస్తున్నంతసేపు విండోసు గానీ లినక్సు గానీ ఈ స్ఫటికాన్ని చూడవు. బూటయ్యేటప్పుడు ఒకసారి చదివి, ఆ పైన ప్రాసెసరు వైపు వేరే స్ఫటికం మీద లెక్కపెట్టుకుంటాయి. దాని తప్పు దానికుంటుంది. అందుకే రాత్రి ఆపినప్పుడు ఒక తేడా, పగలు నడిచేటప్పుడు ఇంకో తేడా కనపడతాయి.

బ్యాటరీ అంటే సీఆర్2032 బటన్ సెల్లు. కొత్తదానికి 3 వోల్టులు పైనే ఉంటుంది. మల్టీమీటరు 2.7 కంటే తక్కువ చూపిస్తే మార్చేయడం మంచిది. తీరం దగ్గరి ఊళ్ళలో, ఉప్పు చెరువుల గట్ల మీద ఉన్న పెట్టెల్లో సెల్లు బాగానే ఉన్నా కింది రేకు నాలుక పచ్చబడి కాంటాక్టు పోతుంది. సెల్లు మార్చినప్పుడు ఆ నాలుకని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, కాస్త పైకి వంచి పెట్టాలి.

టైము ఎలా అడుగుతుంది, ఎలా చెబుతుంది

డేవిడ్ మిల్స్ 1985లో రాసిపెట్టిన ఎన్‌టీపీ ఇప్పటికీ అదే మూల సూత్రం మీద నడుస్తోంది. ఇప్పుడు వాడేది 2010 నాటి నాలుగో వెర్షను. యూడీపీ 123 పోర్టు మీద ఒక చిన్న ప్యాకెట్టు వెళ్తుంది, ఒకటి తిరిగొస్తుంది. ఈ లెక్కకి నాలుగు టైములు కావాలి: అడిగినవాడు పంపిన క్షణం, అది సర్వరుకి చేరిన క్షణం, సర్వరు జవాబు పంపిన క్షణం, అది అడిగినవాడికి అందిన క్షణం. రెండోదాంట్లోంచి మొదటిది తీసేయాలి, మూడోదాంట్లోంచి నాలుగోది తీసేయాలి, వచ్చిన రెండిటినీ కూడి సగం చేయాలి. మన గడియారం ఎంత తప్పో అదే.

ఈ లెక్కలో ఒక నమ్మకం దాగి ఉంది: వెళ్ళడానికి పట్టిన టైమూ రావడానికి పట్టిన టైమూ సమానమని. అవి సమానం కాకపోతే ఆ తేడాలో సగం తప్పుగా లెక్కలోకి వస్తుంది. ఎన్‌వీఆర్ రికార్డింగులు క్లౌడుకి ఎక్కిస్తుంటే ప్లాంటు అప్‌లోడు కిక్కిరిసిపోతుంది. ప్యాకెట్టు వెళ్ళడానికి 180 మిల్లీసెకన్లు, రావడానికి 20 పట్టిందనుకోండి. మన గడియారం నిజానికి సరిగ్గా ఉన్నా, 80 మిల్లీసెకన్లు వెనకుందని లెక్క తేలుతుంది, దాన్ని అంతా ముందుకి నెడతారు. నలభై పరికరాలు విడివిడిగా బయటికెళ్తే ఒక్కోదానికి ఒక్కో సమయంలో ఒక్కో రకం తప్పు. లోపలి స్విచ్చి మీద అయితే రానూపోనూ కలిపి ఒక మిల్లీసెకను కూడా ఉండదు, అందులో సగం తప్పినా లెక్కలోకి రాదు.

సర్వర్లకి స్ట్రాటమ్ అని వరస నంబర్లుంటాయి. అణు గడియారం, జీపీఎస్ లాంటి మూలం సున్నా. దానికి నేరుగా తగిలించిన సర్వరు ఒకటి. దాన్ని అడిగేది రెండు. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీళ్ళు ప్రధాన కాలువకీ, పిల్ల కాలువకీ, బోదెకీ వచ్చినట్టు టైము మెట్టు మెట్టుగా దిగుతుంది. మెట్టు దిగేకొద్దీ కాస్త తప్పు కలుస్తుంది. 15 దాకా వాడొచ్చు. 16 అంటే ‘నాకే టైము తెలియదు’ అని అర్థం.

ఇక్కడో చిన్న ముచ్చట. ఐఎస్‌టీకి (భారత ప్రామాణిక కాలానికి) ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మన పక్కనుంచే, కాకినాడకి కాస్త తూర్పున తుని వైపు తీరం దాటుతుంది. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన భీమవరంలో సూర్యుడు ఐఎస్‌టీ కంటే సగటున సుమారు 4 నిమిషాలే వెనక. దేశంలో సూర్యుడూ గడియారమూ ఇంత దగ్గరగా ఉండే ప్రాంతాలు కొన్నే.

సర్వరు పెట్టడం

పెద్ద మిషను అక్కర్లేదు. పక్కన పడేసిన డెస్క్‌టాప్ అయినా చాలు, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు బోర్డు అయినా చాలు. నా ఓటు రాస్ప్‌బెర్రీ పైకే. ఐదారు వాట్లతో నడుస్తుంది కాబట్టి కరెంటు పోయినా రౌటరు ఉన్న యూపీఎస్ మీదే గంటలకొద్దీ నిలబడుతుంది. పై 5 అయితే టైము నిలబెట్టే గడియారం బోర్డులోనే ఉంది, బ్యాటరీ తగిలిస్తే సరిపోతుంది. పై 4, అంతకు ముందువాటికి ఆ గడియారం లేదు, కరెంటు వచ్చాక ఆపేటప్పటి పాత టైముతో లేస్తాయి. వాటికి డీఎస్3231 గడియారం మాడ్యూల్ పెట్టండి. ఇది తన వేడిని తనే కొలుచుకుని సరిదిద్దుకుంటుంది, 0 నుంచి 40 డిగ్రీల దాకా 2 పీపీఎం లోపే, అంటే నెలకి 5 సెకన్లు. చవకగా దొరికే మాడ్యూళ్ళలో రీచార్జి సెల్లు కోసం చార్జింగ్ తోవ కూడా ఉంటుంది. దానికి 5 వోల్టులిచ్చి మామూలు సీఆర్2032 పెడితే సెల్లు ఉబ్బుతుంది. 3.3 వోల్టుల పిన్ను నుంచే ఇవ్వండి, వీలైతే ఆ చార్జింగ్ రెసిస్టరు ఊడదీయండి.

టైము తెచ్చి పంచే సాఫ్ట్‌వేరు పేరు క్రోనీ. నెట్ వచ్చీపోయే చోట్లకి పాత ఎన్‌టీపీడీ కంటే ఇదే మేలు, తిరిగి కలిసిన కొద్ది నిమిషాల్లోనే సర్దుకుంటుంది. ఉబుంటు, డెబియన్‌లలో ఇది పెట్టగానే పాత టైమ్‌సింక్‌డీ తప్పుకుంటుంది. సెట్టింగుల ఫైల్లో కావలసినవి ఇవి.

‘సర్వర్’ లైన్లు నాలుగు, ఒక్కోదాని చివర ‘ఐబరస్ట్’ (మొదట్లో వెంటవెంటనే కొన్నిసార్లు అడగమని). నాలుగెందుకంటే, ఒకటే ఉంటే అది తప్పు చెప్పినా నమ్మాల్సిందే. రెండుంటే అవి తేడాగా చెప్పినప్పుడు ఏది నిజమో తేల్చలేం. మూడుంటే ఒకటి తప్పినా రెండు ఒక మాట మీద ఉంటాయి. నాలుగుంటే ఒకటి పలక్కపోయినా ఆ మెజారిటీ మిగులుతుంది. మన దేశంలో ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటరు సేవల సంస్థ) వాళ్ళవి సమయ్1 డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్, సమయ్2 డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్. ఢిల్లీలో ఐఎస్‌టీని నిలబెట్టే నేషనల్ ఫిజికల్ లేబొరేటరీది టైమ్ డాట్ ఎన్‌పీఎల్‌ఇండియా డాట్ ఓఆర్‌జీ. నాలుగోది ఇండియా పూల్ (అందరూ వాడుకోవడానికి ఇచ్చిన టైము సర్వర్ల గుంపు) నుంచి తీసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 28 ఏప్రిల్ 2022న ఇచ్చిన ఆదేశాల్లో సర్వీస్ ప్రొవైడర్లూ కంపెనీలూ ప్రభుత్వ సంస్థలూ తమ గడియారాలని ఎన్ఐసీ, ఎన్‌పీఎల్ సర్వర్లతోగానీ, వాటిదాకా లెక్క తేలే సర్వర్లతోగానీ కలపాలని ఉంది. లాగులు 180 రోజులు ఉంచాలన్న నియమం కూడా అందులోదే. కంపెనీగా రిజిస్టరైన ప్లాంట్లు దీన్ని మర్చిపోకూడదు.

గూగుల్ టైము సర్వర్లని వీటితో కలపొద్దు. లీపు సెకను (భూమి తిరుగుడుతో సరిపోయేలా అప్పుడప్పుడు గడియారానికి కలిపే ఒక సెకను) వచ్చినప్పుడు గూగుల్ దాన్ని ఒక రోజు మీద పలచగా పరుస్తుంది, మిగతావి ఒక్కసారే కలుపుతాయి. ఆ రోజంతా రెండూ పొంతన లేకుండా ఉంటాయి. చివరి లీపు సెకను మన టైములో 1 జనవరి 2017 ఉదయం 5:29:60. 2035 కల్లా ఈ పద్ధతి మానాలని అంతర్జాతీయంగా 2022లో నిర్ణయించారు, కానీ అప్పటిదాకా కలపకుండా ఉండడమే క్షేమం.

తర్వాత ‘మేక్‌స్టెప్ 1.0 3’. సర్వరు లేచాక మొదటి మూడు సరిచూపుల్లోపు తేడా ఒక సెకను దాటితే ఒక్కసారి దూకి సరిచేసుకో, ఆ తర్వాత మాత్రం దూకకు, మెల్లగా జరుగు అని దీని అర్థం. ‘డ్రిఫ్ట్‌ఫైల్’ స్ఫటికం ఎంత తప్పు నడుస్తోందో రాసిపెడుతుంది. ‘ఆర్‌టీసీసింక్’ బోర్డు మీది గడియారాన్ని కూడా సరిచేస్తూ ఉంటుంది. ‘అలౌ 192.168.1.0/24’ లోపలి పరికరాలకి జవాబిచ్చే అనుమతి. మీ అడ్రసు వరస వేరైతే అది రాయండి. ఇది లేకపోతే సర్వరు తన టైము బాగానే దిద్దుకుంటుంది గానీ ఎవరికీ పలకదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఫైర్‌వాల్ ఉంటే యూడీపీ 123 తెరవాలి.

చివరిది ‘లోకల్ స్ట్రాటమ్ 10’. మన డెల్టాకి ఇది చాలా ముఖ్యం. నవంబరు తుఫానుకి ఫైబరు తెగి మూడు రోజులు నెట్ లేదనుకోండి. ఈ లైను లేకుండా సర్వరు రీస్టార్టయితే తన టైము మీద తనకి నమ్మకం లేదని అడిగినవాళ్ళకి చెబుతుంది, పరికరాలు దాన్ని వదిలేసి ఎవరి దారి అవి చూసుకుంటాయి. ఈ లైనుంటే నెట్ లేకపోయినా తనకి తెలిసిన టైమునే ఇస్తూ ఉంటుంది. డ్రిఫ్టు సరిదిద్దుకుంటూ నడుస్తుంది కాబట్టి మిగిలే తప్పు ఒక పీపీఎం అయినా రోజుకి 86 మిల్లీసెకన్లే. మూడు రోజులకి పావు సెకను. పైగా అందరూ కలిసే ఆ పావు సెకను తప్పుతారు.

పరికరాల వైపు

విండోసులో కంట్రోల్ ప్యానెల్, డేట్ అండ్ టైమ్, ఇంటర్నెట్ టైమ్ దగ్గర సర్వరు ఐపీ రాసి ‘అప్‌డేట్ నౌ’ నొక్కితే వెంటనే పని జరుగుతుంది. కానీ డొమైన్‌లో (ఆఫీసు సర్వరు అదుపులో) లేని కంప్యూటరు మళ్ళీ ఎప్పుడు అడుగుతుందన్నది చూడాలి. పాత విండోసుల్లో 6,04,800 సెకన్లకోసారి, అంటే వారానికోసారి. రోజుకి రెండు మూడు సెకన్లు పోయే కాటా గది కంప్యూటరు వారంలో ఇరవై సెకన్లు తప్పుతుంది. రిజిస్ట్రీలో డబ్ల్యూ32టైమ్ కింద ఎన్‌టీపీ క్లయింట్‌లో ‘స్పెషల్ పోల్ ఇంటర్వల్’ని 3600 చేయండి, డెసిమల్ ఎంచుకున్నాకే. సర్వీసుల జాబితాలో ‘విండోస్ టైమ్’ని ఆటోమేటిక్ చేయండి. తర్వాత కమాండ్ ప్రాంప్టులో డబ్ల్యూ32టీఎం క్వెరీ స్టేటస్ అడిగితే ‘సోర్స్’ వరసలో మీ సర్వరు ఐపీ రావాలి. ‘లోకల్ సీమాస్ క్లాక్’ అని వస్తే ఇంకా సొంతంగానే నడుస్తోంది.

ఇంకో సంగతి. మామూలు విండోసు 54,000 సెకన్లు, అంటే 15 గంటలు దాటిన తేడాని సరిచేయడానికి ఒప్పుకోదు. సెల్లు చచ్చి తేదీ ఎక్కడో పాత సంవత్సరానికి వెళ్ళిన కంప్యూటరు ఎన్నిసార్లు నొక్కినా సింక్ కాకపోవడానికి కారణం ఇదే. తేదీ చేత్తో సుమారుగా సరిచేశాక నొక్కితే పట్టుకుంటుంది. ఆ స్థితిలో బ్యాంకు సైట్లు, జీఎస్టీ పోర్టలు కూడా తెరుచుకోవు, ఎందుకంటే సైటు సర్టిఫికెట్టు ఇంకా మొదలు కాలేదని బ్రౌజరు అనుకుంటుంది. ‘నెట్ పాడైంది’ అనేలోపు కింద మూల తేదీ చూడండి.

ఎన్‌వీఆర్ దగ్గర చాలా జాగ్రత్త కావాలి. రెండున్నర గంటలు ముందున్న ఎన్‌వీఆర్‌ని ఉదయం 10 గంటలకి సరిచేస్తున్నారనుకోండి. అప్పటికి దాని గడియారం 12:30. నిజానికి 7:30 నుంచి 10 దాకా జరిగింది 10 నుంచి 12:30 పేరుతో డిస్కులో ఉంది. సరిచేశాక మళ్ళీ అవే 10, 11, 12 గంటలు రాస్తుంది. ఒకే టైముకి రెండు రికార్డింగులు. చాలా ఎన్‌వీఆర్‌లు ప్లేబ్యాకులో వాటిలో ఒకటే చూపిస్తాయి. అందుకని మార్చేముందు గడిచిన రెండున్నర గంటల రికార్డింగు పెన్‌డ్రైవులోకి తీసి, మార్చిన తేదీ, టైము, పాత తేడా రిజిస్టరులో రాసి సంతకం పెట్టించండి. పాత ఫుటేజీ ఎప్పుడైనా అడిగితే ఆ ఒక్క వాక్యమే దాన్ని నిలబెడుతుంది. ఇక కెమెరాలు ఎన్‌వీఆర్ నుంచి టైము తీసుకుంటున్నాయో, సొంతంగా ఎన్‌టీపీ అడుగుతున్నాయో చూసి రెండిట్లో ఒకటే ఉంచండి. రెండూ ఉంటే, జోన్లు వేరైతే, బొమ్మ మీది టైము గంటకోసారి అటూ ఇటూ దూకుతుంది.

వేలిముద్ర మిషన్లు చాలావరకు తమ సాఫ్ట్‌వేరు నడిచే కంప్యూటరు నుంచే టైము తీసుకుంటాయి. ఆ కంప్యూటరు సరిగ్గా ఉంటే అవీ ఉంటాయి. కాటా ఇండికేటరుకి విడిగా గడియారం ఉంటే చీటీ మీద దాని టైము కాక కంప్యూటరు టైము పడేలా సాఫ్ట్‌వేరులో మార్చించండి. కోల్డ్ రూము లాగరుకి నెట్‌వర్కు లేకపోతే నెలకోసారి చేత్తో సరిచేయడమే మార్గం. రొయ్య సరుకు −18 డిగ్రీల దగ్గర నిలిచిందని చూపించే కాగితం అదే కాబట్టి ఆడిటుకి వచ్చినవాళ్ళు తలుపు తెరిచిన టైముని కెమెరాలో పోల్చి చూస్తారు.

వర్చువల్ మిషను (ఒక కంప్యూటరు లోపల సాఫ్ట్‌వేరుగా నడిచే ఇంకో కంప్యూటరు) ఉంటే హోస్టు, అంటే అసలు కంప్యూటరు, నుంచి వచ్చే టైము సింక్ ఆపేయండి, లేదా లోపల ఎన్‌టీపీ ఆపేయండి. ఇద్దరు యజమానులుంటే గడియారం ఊగుతుంది.

సింక్ అయిందో లేదో చదవడం

సర్వరులో క్రోనీసీ సోర్సెస్ అని కొడితే ఒక్కో బయటి సర్వరుకి ఒక్కో వరస వస్తుంది. మొదట్లో నక్షత్రం గుర్తున్నది ఇప్పుడు నమ్ముతున్న సర్వరు. కూడిక గుర్తున్నవి దానితో కలుస్తున్నవి. ఇంటూ గుర్తు పడ్డది తప్పు చెబుతున్నట్టు తేలినది. ప్రశ్నార్థకం పడ్డవాటికి జవాబే రావడం లేదు. ‘రీచ్’ కింద అంకె గత ఎనిమిది ప్రయత్నాల ఫలితం, ఎనిమిది మూలం లెక్కలో. 377 అంటే ఎనిమిదీ అందాయి, 0 అంటే ఒక్కటీ అందలేదు. నాలుగిటికీ ప్రశ్నార్థకం, రీచ్ 0 ఉండి, నెట్ మాత్రం బాగానే నడుస్తుంటే యూడీపీ 123ని దారిలో ఎవరో ఆపుతున్నారు. ఎన్‌టీపీ సర్వర్లని వాడుకుని 2013, 2014ల్లో జరిగిన దాడుల తర్వాత కొందరు నెట్ ప్రొవైడర్లు ఆ పోర్టుని వడకట్టడం మొదలుపెట్టారు. ముందు మీ రౌటరు చూసి, అక్కడ తప్పు లేకపోతే ప్రొవైడరుకి ‘యూడీపీ 123 రానూపోనూ తెరవండి’ అని రాసి అడగండి. ఉత్త ‘టైము రావట్లేదు’ అంటే వాళ్ళకి అర్థం కాదు.

క్రోనీసీ ట్రాకింగ్ కొడితే ‘సిస్టమ్ టైమ్’ వరసలో ఇప్పటి తేడా, ‘ఫ్రీక్వెన్సీ’ వరసలో మీ స్ఫటికం ఎన్ని పీపీఎం తప్పో కనపడతాయి. రిఫరెన్స్ ఐడీ 7ఎఫ్7ఎఫ్0101 అని ఉంటే బయటి సర్వర్లు అందక సొంత గడియారం మీద నడుస్తోందని అర్థం. తుఫాను రోజుల్లో అది సహజం, నెట్ వచ్చిన గంట తర్వాత కూడా అలాగే ఉంటే కాదు.

నెట్ అసలు లేని చోట

మొగల్తూరు, ఉప్పలగుప్తం వైపు చెరువుల గట్ల మీద ఆక్సిజను రాసే లాగర్లకి, ఏరియేటర్లు తనంతట ఆన్ చేసే ప్యానెళ్ళకి నెట్ నిలకడగా ఉండదు. నీళ్ళలో ఆక్సిజను బాగా పడిపోయేది తెల్లవారుజామునే కాబట్టి, ఏరియేటరు 3:40కి ఆన్ అయిందా 4:20కా అన్నది రొయ్య బతుకు ఆధారపడిన లెక్క. అక్కడ జీపీఎస్ మాడ్యూల్ పెట్టండి. యూబ్లాక్స్ నియో రకం, పీపీఎస్ (సెకనుకో పల్సు ఇచ్చే) పిన్ను బయటికున్నది తీసుకోవాలి. మాడ్యూల్ టీఎక్స్ (డేటా పంపే) పిన్నుని రాస్ప్‌బెర్రీ పైలో జీపీఐఓ 15 పిన్నుకి, పీపీఎస్‌ని జీపీఐఓ 18కి కలిపి, జీపీఎస్‌డీ అనే ప్రోగ్రాము నడిపి, క్రోనీకి రెండిటినీ మూలాలుగా చూపించండి. సీరియల్‌లో వచ్చే వాక్యం ఇది ఏ సెకనో చెబుతుంది గానీ వందల మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. పీపీఎస్ ఆ సెకను సరిగ్గా ఎక్కడ మొదలైందో చూపిస్తుంది గానీ ఏ సెకనో చెప్పదు. రెండూ కలిస్తేనే పని.

యాంటెన్నాకి ఆకాశం కనపడాలి. కొబ్బరి చెట్ల కింద ఎండాకాలం పట్టినది, తడిసిన ఆకుల కింద వానాకాలం పట్టకపోవచ్చు. రేకు కప్పు మీదికి తీసుకెళ్ళి, కనెక్టరుకి నీళ్ళు దిగని రబ్బరు టేపు గట్టిగా చుట్టండి, లేకపోతే ఉప్పుగాలి ఒక్క ఏడాదిలో తినేస్తుంది. బయట యాంటెన్నా ఉన్నాక పిడుగు అరెస్టరు కూడా ఖర్చులో వేసుకోండి. మొదటిసారి ఆన్ చేశాక పావుగంట ఆ టైముని నమ్మొద్దు. జీపీఎస్ సొంత టైము యూటీసీ కంటే 18 సెకన్లు ముందుంటుంది. ఆ తేడా ఎంతో చెప్పే సందేశం ఉపగ్రహం నుంచి 12½ నిమిషాలకోసారే వస్తుంది. అది అందేదాకా కొన్ని మాడ్యూళ్ళు కొన్ని సెకన్లు తప్పు చెబుతాయి. బాగా పాత మాడ్యూళ్ళకి ఇంకో జబ్బుంది: వారాల లెక్క 1024 దాటగానే సున్నాకి వెళ్ళి, తేదీ 19 ఏళ్ళ 7 నెలలు వెనక్కి పడుతుంది. ఇది చివరిగా 6 ఏప్రిల్ 2019న జరిగింది. సెకండ్‌హ్యాండు మాడ్యూల్ కొంటే ముందు తేదీ చూసి డబ్బివ్వండి.

కరెంటు పోయి వచ్చినప్పుడు

అన్నీ ఒకేసారి లేస్తాయి. స్విచ్చి, రౌటరు, ఎన్‌వీఆర్, రాస్ప్‌బెర్రీ పై. ఎన్‌వీఆర్ లేవగానే టైము అడిగి, అప్పటికి సర్వరు ఇంకా సిద్ధం కాక జవాబివ్వకపోతే, మళ్ళీ తన వంతు వచ్చేదాకా గంటసేపు సొంత టైముతో నడుస్తుంది. ఎన్‌వీఆర్ ఎన్‌టీపీ ఇంటర్వల్ 60 నిమిషాల బదులు 10 చేస్తే ఈ ఇబ్బంది తీరుతుంది. నలభై పరికరాలు పది నిమిషాలకోసారి అడిగినా సర్వరుకి అది బరువే కాదు. సర్వరునీ స్విచ్చినీ యూపీఎస్ మీద ఉంచితే అసలు పడిపోవు.

సర్వరు డబ్బా మీద ఒక కాగితం అంటించండి: ‘టైము సర్వరు, ఆపొద్దు’ అని, దాని ఐపీ, సెల్లు మార్చిన నెల, సంవత్సరం. ఆ ఐపీ రౌటరులో స్థిరంగా కట్టేసి ఉండాలి. అది మారితే నలభై పరికరాలూ ఒకేరోజు నోరు మెదపకుండా విడిపోతాయి. ఏడాది తర్వాత చార్జరుకి ప్లగ్గు ఖాళీ లేదని ఎవరైనా ఆ సర్వరుని పీకేసినా జరిగేది అదే.